ఎప్పుడూ తిప్పని తాళం



గడిచిన రెండు వారాలుగా చాలామంది మమ్మల్ని ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "అయ్యగారూ, మీ కారు మూడు రోజులపాటు మందిరం ముందు కదలకుండా ఎందుకుండిపోయింది?" కొందరు నవ్వుతూ అడిగారు, కొందరు జాలిపడి అడిగారు. ఆ రాత్రి సంగతి సగం తెలిసినవారు మిగతా సగం ఊహించుకుని చెప్పుకుంటున్నారని కూడా విన్నాము. అందుకే జరిగింది జరిగినట్టు మేమే రాస్తున్నాము. ఇందులో మా తప్పు ఉంది. దాన్ని దాచుకోదలచుకోలేదు.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. పదేళ్ళ కిందట మన ఊళ్ళో కారు ఉన్న ఇల్లు వేళ్ళమీద లెక్కపెట్టేటట్టు ఉండేది. ఇప్పుడు మిలటరీలో ఉన్న అబ్బాయిలు, విశాఖపట్నం, హైదరాబాదుల్లో పనిచేస్తున్న పిల్లలు సెకండ్ హ్యాండ్ కార్లు కొని ఇంటి ముందు పెట్టి వెళ్తున్నారు. ఆ కార్ల తాళాలు మేకులకు వేలాడుతున్నాయి. వాటి గురించి మాకు తెలియక మేము పడిన అవస్థ మీరు పడకూడదు.

ఆ రోజు శనివారం. ఆదివారపు వాక్యానికి సిద్ధపడి, పాస్టరమ్మ గారూ మేమూ పడుకునేసరికి పదకొండు దాటింది. ఒంటిగంటన్నర వేళ ఎవరో తలుపు దబదబా బాదారు. తీస్తే, నౌపడ ఉప్పు మడుల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన మన పెద్ద మామ్మ గారి మనవడు. ఒంటిమీద చొక్కా లేదు.

"అయ్యగారూ, మామ్మకి గుండెల్లో నొప్పంట. ఒళ్ళంతా సెమటలు పట్టీసినాయి. అంబులెన్సుకి ఫోను సేసినాం. అదొచ్చేలోపు మీ కారుంది కదా అని వచ్చీసినాను. బేగి రండి."

మేము రిమోట్ కీ చేతిలోకి తీసుకుని బయటికి పరుగెత్తాము. బటన్ నొక్కాము. కారు మెరవలేదు, ఆ టక్కుమనే చప్పుడు రాలేదు. దగ్గరకు వెళ్ళి నొక్కాము. అద్దానికి ఆనించి నొక్కాము. కారు చుట్టూ తిరుగుతూ నొక్కాము. సెల్ ఊడదీసి, బనీనుకు తుడిచి, మళ్ళీ పెట్టి నొక్కాము. ప్రియులారా, ఇక్కడ ఒప్పుకోవలసింది ఒకటుంది. ఆ కంగారులో మేము ఆలోచించడం మానేసి, నొక్కడం ఒక్కటే చేశాము. పని చేయని బటన్‌ను ఇంకా గట్టిగా నొక్కితే పని చేస్తుందని మనసు ఎందుకు అనుకుంటుందో!

పాస్టరమ్మ గారే గుర్తు చేశారు. "రిమోట్‌లో ఇనప తాళం కూడా ఉంటుంది కదండీ!" అవును, ఉంది. పక్కనున్న చిన్న మీట నొక్కితే మడిచిన కత్తిలా బయటికొస్తుంది. ఇంజను స్టార్ట్ చేయడానికి రోజూ వాడేది అదే. కానీ దానితో తలుపు తీయవచ్చన్న సంగతే మాకు గుర్తు రాలేదు. డ్రైవర్ డోరు హ్యాండిల్ పక్కన ఉన్న రంధ్రంలో దాన్ని పెట్టాము. సగం దాకా వెళ్ళి ఆగింది. బలంగా నెట్టాము. ఇంకొంచెం వెళ్ళింది గానీ తిరగలేదు. ఇంకా తిప్పితే తాళం విరిగేటట్టు ఉంది. సెకండ్ హ్యాండ్‌లో ఆ బండి కొన్న రోజు నుండి ఆ రంధ్రంలో తాళం పెట్టిన పాపాన పోలేదు. మాకన్నా ముందున్న యజమాని పెట్టారో లేదో తెలియదు. సముద్రం దగ్గరి ఊరు, పైగా ఉప్పు మడుల గాలి. ఆ రంధ్రం లోపల ఏం జరుగుతూ వచ్చిందో మేము ఏ రోజూ చూడలేదు.

ఆ అబ్బాయి మా ముఖం వంకే చూస్తున్నాడు. "ఏటయింది అయ్యగారూ?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

అప్పుడు పాస్టరమ్మ గారు మెల్లగా, "ఆటో ఉంది కదా, నాలుగిళ్ళ అవతల," అన్నారు.

ఆ ఆటో ఎవరిదో మన సంఘంలో అందరికీ తెలుసు. రెండేళ్ళ కిందట మందిరం పైకప్పు రేకులు మార్పించినప్పుడు, ఆ తమ్ముడు కూటంలో లేచి నిలబడి, "రేకుల లెక్క ఓపాలి సదివి ఇనిపించండి అయ్యగారూ," అన్నాడు. మమ్మల్ని అనుమానిస్తున్నాడనుకున్నాము. అందరి ముందు అలా అడగడం మాకు నచ్చలేదు. "దేవుని పనికి లెక్కలడిగేవాళ్ళకు దీవెన ఉండదు," అన్నాము. ఆ మాట మేమే అన్నాము. ఆ తరువాతి ఆదివారం నుండి ఆయన రాలేదు. "మీ కోసం ప్రార్థన చేస్తున్నాము" అని మనుషులతో కబురు పంపామే గానీ ఆ నాలుగిళ్ళు దాటి వెళ్ళి తలుపు తట్టింది లేదు. ఎదురుపడితే వందనం చెప్పుకుని పక్కకు తప్పుకునేవాళ్ళము.

ఆ రాత్రి వెళ్ళి తలుపు తట్టాము. చేయి పైకి లేవడానికి ఆ కారు తాళం కన్నా ఎక్కువ మొరాయించింది. ఆయన లుంగీతోనే బయటికి వచ్చాడు. మమ్మల్ని చూశాడు, వెనకున్న కుర్రాణ్ణి చూశాడు. "మామ్మకేనా?" అని ఒక్క మాట అడిగి లోపలికి వెళ్ళి ఆటో తాళం తెచ్చాడు. ఆ రాత్రి మా రెండేళ్ళ సంగతి ఆయన ఎత్తలేదు.

అంబులెన్సుకు మళ్ళీ ఫోను చేసి సంగతి చెప్పి, మామ్మను ఆటోలో పడుకోబెట్టుకుని టెక్కలి ఆసుపత్రికి చేరాము. ఈసీజీ తీసి, గుండెపోటేనని చెప్పి, వెంటనే మందులు మొదలుపెట్టారు. తెల్లవారేలోపు శ్రీకాకుళం పంపించారు. దేవుని కృపవలన మామ్మ కోలుకుని ఇంటికి వచ్చారు. మొన్న ముందు వరుసలో కూర్చున్నది మీరందరూ చూశారు. కానీ ఆ రాత్రి డాక్టరు గారు మామూలుగా అడిగిన ఒక ప్రశ్న మమ్మల్ని ఇంకా వదలలేదు. "నొప్పి మొదలై ఎంతసేపైంది?" మామ్మ కొడుకు లెక్క చెబుతుంటే మేమూ లోపల లెక్క వేసుకున్నాము. అందులో ఇంచుమించు ఇరవై నిమిషాలు మా కారు పక్కన, మా చేతిలోని బటన్ దగ్గర పోయాయి. గుండెపోటు మనిషికి ఇరవై నిమిషాలంటే చిన్న సంగతి కాదు.

మామ్మను శ్రీకాకుళం పంపించాక, తెల్లవారుజామున ఆసుపత్రి బయట టీ కొట్టు దగ్గర ఆ తమ్ముడూ మేమూ కూర్చున్నాము. చాలాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. చివరికి ఆయనే, "కారుకేటయింది అయ్యగారూ?" అని అడిగాడు. చెప్పాము. నవ్వలేదు. "మంగళవారం బేరాల్లేవు. వచ్చి సూత్తాను," అన్నాడు.

ఆ మంగళవారం మందిరం ముందు మేము నేర్చుకున్నదే ఇప్పుడు మీకు చెప్పబోతున్నది. బైబిలు కాలేజీలో డిప్లొమా చదివే రోజుల్లో మూడు భాగాలు లేకుండా ప్రసంగం చేయకూడదని నేర్పారు. ఈ సంగతి కూడా మూడు భాగాలుగానే వచ్చింది.

మొదటిది, చేతిలోని చిన్న బ్యాటరీ.

ఆ తమ్ముడు ముందుగా అడిగింది ఇది: "నెలరోజులుగా దగ్గరికెళ్తేనే గాని తెరుచుకోవట్లేదా?" అవును. ఇదివరకు గుమ్మంలో నిలబడి నొక్కితే తెరుచుకునేది. తరువాత మెట్లు దిగితే గానీ తెరుచుకోలేదు. ఆ తరువాత తలుపు దాకా వెళ్ళవలసి వచ్చింది. ఒకసారికి రెండుసార్లు నొక్కవలసి వచ్చేది. అవన్నీ సెల్ అయిపోతోందని చెప్పే గురుతులే. చూస్తూ ఊరుకున్నాము.

ఆ సెల్ వాచీ సెల్‌లా గుండ్రంగా ఉంటుంది. చాలా కార్ల రిమోట్లలో సీఆర్ 2032 అనేది వాడతారు. ఆ అంకెలకు అర్థం ఉంది. 20 అంటే అడ్డంగా 20 మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. పక్కనే అమ్మే 2025 చూడడానికి అదే సైజు, కానీ మందం 2.5 మాత్రమే. 2032 ఉండవలసిన చోట అది పెడితే వదులై, ఒకసారి పనిచేసి ఒకసారి మానేస్తుంది. కాబట్టి పాత సెల్ మీద ఉన్న అంకె చూసి అదే కొనండి. రెండూ 3 వోల్టులవే. ప్లస్ గుర్తు పాతది ఎటు ఉందో అటే ఉండాలి. కొత్తదాన్ని అంచులు పట్టుకుని పెట్టండి, చేతి జిడ్డు అంటకుండా. లోపలి రేకు ముక్కలు వంగిపోతే కొత్త సెల్ కూడా పనిచేయదు, అవి సెల్‌ను తాకుతున్నాయో లేదో చూడండి.

టీవీ రిమోట్‌ను ఫోను కెమెరా ముందు నొక్కి వెలుగు వస్తుందో లేదో చూస్తారు కదా, మేము కూడా కారు రిమోట్‌ను అలాగే చూశాము. ఏమీ కనబడక, రిమోట్ చచ్చిపోయిందని తీర్మానించేశాము. ఆ తమ్ముడు దానికి మాత్రం నవ్వాడు. టీవీ రిమోట్ కంటికి కనబడని వెలుగుతో మాట్లాడుతుంది. కారు తాళం రేడియో తరంగాలతో మాట్లాడుతుంది. మన దేశంలో చాలా బండ్లకు అది 433 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. కెమెరాకు అది కనబడదు. రిమోట్ మీద చిన్న ఎర్ర లైటు ఉంటే, నొక్కినప్పుడు అది బాగా వెలుగుతోందా లేదా అన్నది చూడాలి.

ఇంకో విషయం. తాళం ప్రతిసారీ ఒకే మాట పంపదు. నొక్కిన ప్రతిసారీ మాట మారుతుంది, దొంగ పక్కనుండి విన్నా మళ్ళీ వాడుకోలేకుండా. తరువాత ఏ మాట రావాలో కారుకు కూడా తెలుసు. పిల్లలు ఇంట్లో కూర్చుని ఆ బటన్‌ను ఆటబొమ్మలా వందలసార్లు నొక్కితే తాళం ముందుకు వెళ్ళిపోతుంది, కారు వెనకబడిపోతుంది. అప్పుడు సెల్ కొత్తదైనా కారు పలకదు. కొన్ని బండ్లకు దగ్గరగా నిలబడి వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే సర్దుకుంటుంది. కొన్నింటికి తాళం పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేసి బటన్ నొక్కాలి. మీ బండికి ఏది సరైనదో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

తల్లులారా, ఈ ఒక్క మాట శ్రద్ధగా వినండి. తీసేసిన పాత సెల్‌ను కిటికీ గూట్లో, టీవీ మీద పెట్టకండి. చిన్నపిల్లలు దాన్ని నోట్లో వేసుకుంటారు. ఆ సైజు సెల్ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలినట్టు పుండు పడుతుంది. వాడిన సెల్‌లో కూడా ఆ శక్తి మిగిలే ఉంటుంది. మింగాడని అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా, రేపు చూద్దామనుకోకుండా, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.

రెండవది, బానెట్ కింది పెద్ద బ్యాటరీ.

టెక్కలిలో కొత్త సెల్ తెచ్చి పెట్టాము. రిమోట్ లైటు చక్కగా వెలిగింది. కారు మాత్రం పలకలేదు. "అడిగేవోడు బాగానే అడుగుతున్నాడు, ఇనేవోడికి ఓపిక లేదు," అన్నాడు ఆ తమ్ముడు. తాళం ఎంత బాగా పంపినా, వినవలసింది కారులోని పెట్టె. ఆ పెట్టెకూ, తలుపుల్లో తాళాలు లాగే చిన్న మోటార్లకూ కరెంటు వచ్చేది 12 వోల్టుల పెద్ద బ్యాటరీ నుండే. అది పడుకుంటే సెంట్రల్ లాకింగ్ మొత్తం పడుకుంటుంది.

ఎందుకు పడుకుంది? గురువారం ప్రార్థన కూడికకు కుర్చీలు దించినప్పుడు వెనక తలుపు పూర్తిగా పడలేదు. లోపలి చిన్న లైటు గురువారం రాత్రి నుండి శనివారం రాత్రి వరకు వెలుగుతూనే ఉంది. ఆ బ్యాటరీకి ఎలాగూ నాలుగేళ్ళు నిండాయి.

లైటు ఆర్పినా సరే, బండి ఊరికే నిలబడి ఉంటే బ్యాటరీ ఖాళీ అవుతుందని మాకు అప్పుడే తెలిసింది. తాళం పిలుపు కోసం చెవి ఒగ్గి ఉండే ఆ పెట్టె, దొంగ సైరను, గడియారం, ఇవన్నీ కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటాయి. అది 30 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే రోజుకు 0.72, నెలకు 21 ఆంపియర్ అవర్ల పైమాటే. చిన్న కారు బ్యాటరీ మొత్తమే 35. అందుకే సెలవు అయ్యాక మిలటరీ అబ్బాయి వెళ్ళిపోతే, రెండు నెలలకు ఇంటి ముందున్న కారు తలుపు తెరుచుకోదు. వారానికొకసారి ఎవరిచేతనైనా అరగంట నడిపించండి. ఊరికే స్టార్ట్ చేసి రెండు నిమిషాల్లో ఆపేస్తే, పెట్టినదానికన్నా తీసుకున్నదే ఎక్కువవుతుంది. మీటరు ఉన్న మెకానిక్ దగ్గర చూపించుకోండి. ఇంజను ఆపి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12 దగ్గరికి వస్తే ఖాళీ అయినట్టే. ఇంజను నడుస్తున్నప్పుడు 14కు అటూ ఇటూ ఉండాలి.

కొందరు బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి వెళ్తారు. మంచిదే. కానీ ఆ తరువాత రిమోట్ పనిచేయదు. బానెట్ తెరిచే మీట కారు లోపల ఉంటుంది. లోపలికి వెళ్ళాలంటే తలుపుకు ఇనప తాళమే గతి. అది తిరుగుతుందో లేదో చూసుకోకుండా వైరు ఊడదీయకండి.

మూడవది, ఆ ఇనప తాళం.

ఆ తమ్ముడు రంధ్రంలోకి టార్చి వేసి చూశాడు. "ఎప్పుడైనా తిప్పినారేటి దీన్ని?" అన్నాడు. లేదన్నాము. "ఇది తుప్పొక్కటే కాదు అయ్యగారూ, ఉప్పు," అన్నాడు. తుప్పు వదిలించే స్ప్రే సన్నటి గొట్టంతో లోపలికి కొట్టి, పావుగంట ఊరుకున్నాడు. తాళాన్ని లోపలికీ బయటికీ మెల్లగా ఆడించాడు, తిప్పలేదు. మళ్ళీ స్ప్రే, మళ్ళీ ఆగడం. మేము, "గట్టిగా తిప్పమంటావా?" అంటే, "బలంతో అయ్యేదైతే ఆ రేతిరే అయ్యేది," అన్నాడు. ముప్పావుగంటకు అది వెంట్రుకవాసి కదిలింది. తరువాత ఇంకొంచెం. చివరికి టక్కుమని తిరిగింది. గ్రీజు మాత్రం పెట్టవద్దన్నాడు. దుమ్ము పట్టి మళ్ళీ బిగుసుకుంటుందట. ఇకమీదట పెన్సిలు ముక్కు గీకిన నల్లపొడి తాళానికి రాసి తిప్పితే చాలన్నాడు.

డ్రైవర్ డోరు తెరుచుకున్నాక, బానెట్ మీట లాగి, సరుకుల వ్యాను ఉన్న మన సహోదరుణ్ణి పిలిచి వైర్లు కలిపాము. ఆ వరుస మీరూ గుర్తుపెట్టుకోండి. ఎర్ర వైరు ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, తరువాత మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్ల వైరు మంచి బ్యాటరీ మైనస్‌కు, దాని రెండో కొస చచ్చిన బండి ఇంజనులో రంగులేని ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. బ్యాటరీ దగ్గర మండే గాలి ఉండవచ్చు. ఆఖరి వైరు కలిపేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది కాబట్టి ఆ జాగ్రత్త. తీసేటప్పుడు వరుస తిరగేయాలి.

ఆఖరి వైరు కలిపామో లేదో, కారు సైరను ఊరంతా వినిపించేలా మోగింది! రిమోట్‌తో వేసిన తలుపును ఇనప తాళంతో తీస్తే చాలా బండ్లు దొంగ వచ్చాడనుకుంటాయి. తాళం ఇగ్నిషన్‌లో పెట్టి తిప్పాక ఆగింది. సొంత కారు తమనే దొంగ అన్నదని పిల్లలు ఇప్పటికీ మమ్మల్ని ఏడిపిస్తున్నారు.

తరువాత ఆ తమ్ముడు ఒక పని చేశాడు. రిమోట్‌లోని కొత్త సెల్ తీసి మా చేతిలో పెట్టి, వట్టి తాళంతో ఇంజను స్టార్ట్ చేశాడు. స్టార్ట్ అయింది. సెల్ లేకపోతే బండి కదలదనే మేము ఇన్నాళ్ళూ అనుకున్నాము. తాళం తలలో చిన్న చిప్ ఒకటి ఉంటుంది, ఇంజనుకు అది సొంత తాళమేనని రుజువు చేసేది ఆ చిప్పే. దానికి సెల్ అక్కరలేదు. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట నుండే శక్తి తీసుకుంటుంది. బటన్‌తో స్టార్ట్ అయ్యే కొత్త బండ్లలో కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది. రిమోట్ సెల్ అయిపోతే, రిమోట్‌నే ఆ స్టార్ట్ బటన్‌కు ఆనించి గానీ, పుస్తకంలో చూపిన చోట పెట్టి గానీ నొక్కాలి. వాటి రిమోట్ లోపల కూడా సన్నటి ఇనప తాళం దాగి ఉంటుంది. కొన్నింటికి తలుపు రంధ్రం హ్యాండిల్ దగ్గర చిన్న మూత కింద ఉంటుంది. అది ఎక్కడుందో ఈ రోజే, పగటిపూటే వెతికి పెట్టుకోండి.

ఆ తరువాత తలుపులన్నీ పనిచేశాయి, ఎడమవైపు వెనక తలుపు తప్ప. ఆ తమ్ముడు, "అన్నీ పోతే బ్యాటరీ, ఫ్యూజు సూడండి. ఒక్కటే పోతే ఆ తలుపులోనే సూడండి," అన్నాడు. తలుపు మడత దగ్గర రబ్బరు గొట్టంలో ఒక వైరు తెగి ఉంది. తెరిచి మూసి, తెరిచి మూసి అక్కడే తెగుతుందట. అతికాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

ప్రియులారా, మీకు తిత్లీ గుర్తుండే ఉంటుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. మన కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఎన్నో రోజులు కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. అప్పుడు మనల్ని ఆదుకున్నవి చేతి బోరింగు, కిరసనాయిలు లాంతరు, పక్కింటివారి గొంతు. వాటిని ఇక వదలకూడదని ఆ రోజుల్లో మేమే ప్రసంగించాము. కరెంటు వచ్చింది, మరచిపోయాము. దీపాలున్నా నూనె చాలని కన్యకల ఉపమానం మీద ఎన్నిసార్లు మాట్లాడామో లెక్క లేదు. ఆ రాత్రి నూనె లేక నిలబడింది మేమే.

బటన్ చెడ్డది కాదు. రేపు కూడా మేము దాన్నే నొక్కుతాము. కానీ బటన్ పనిచేసినన్నాళ్ళూ ఇనప తాళం అక్కరలేదనిపిస్తుంది. అక్కరలేదనుకున్నది లోపల ఉప్పు పట్టి బిగుసుకుంటుంది. అక్కర పడిన రాత్రి తిరగదు. కబురు పంపితే సరిపోయినన్నాళ్ళూ, నాలుగిళ్ళు నడిచి తలుపు తట్టడం అక్కరలేదని మేము అనుకున్నాము. ఆ తలుపు మా వలన తెరుచుకోలేదు. అటువైపు ఉన్న మనిషి మంచితనం వలన తెరుచుకుంది. మా వైపు తాళం బిగుసుకునే ఉంది.

పోయిన గురువారం రేకుల లెక్కల పుస్తకం తీసుకుని ఆయన ఇంటికి వెళ్ళాము. కూర్చుని మొత్తం చదివి వినిపించాము. రేకులు తెచ్చిన వ్యాను కిరాయికి రసీదు లేదు. ఆయన రెండేళ్ళ కిందట అడిగింది దాని గురించేనట. దొంగతనం జరిగిందని ఆయన ఏనాడూ అనలేదు, రసీదు ఉండాలి అన్నాడు. అది న్యాయమైన మాట. ఆ ఇంట్లో ఆయన భార్యాబిడ్డల ముందు క్షమాపణ అడిగాము. కూటంలో అన్న మాటకు కూటంలోనే క్షమాపణ అడగాలి కాబట్టి, వచ్చే ఆదివారం లెక్క మొత్తం చదివి వినిపించి, మీ అందరి ముందు అడుగుతాము. ఆయన వస్తాడో రాడో మాకు తెలియదు. రమ్మని అడగలేదు. ఆయన రాకపోయినా గురువారం సాయంత్రాలు మేము వెళ్తాము.

ఈ వారం మీరు చేయవలసినవి రెండు. కారు ఉన్నవారు నెలకొకసారి, జీతం వచ్చిన రోజో, బల్ల ఆరాధన ఉన్న ఆదివారమో, రిమోట్ పక్కన పెట్టి ఇనప తాళంతో డ్రైవర్ డోరు తీసి వేయండి. ఒక కొత్త సెల్ ప్యాకెట్ విప్పకుండా ఇంట్లో ఉంచుకోండి, బండిలో కాదు. కారు లేనివారికీ ఉన్నవారికీ రెండో పని ఒక్కటే. మీరు చాలాకాలంగా తట్టని తలుపు ఒకటి ఉంటుంది. అది ఎవరిదో మీకు తెలుసు. అర్ధరాత్రి అవసరం పడకముందే, పగటిపూట వెళ్ళి తట్టండి. మొదటిసారి తిరగకపోవచ్చు. బలం చేయకండి, మళ్ళీ వెళ్ళండి.

మామ్మ ఆరోగ్యం కోసం ప్రార్థించండి. ఆ తమ్ముడి కుటుంబం కోసమూ, మా కోసమూ ప్రార్థించండి. మీ రాకపోకలన్నీ క్షేమముగా సాగును గాక. ఆమెన్.